వెనకముడి

ఆ ఏడు వానలు పడిన ఆరు వారాలూ దేశం మొత్తం వచ్చి మా ముందుగదిలో కాపురం పెట్టింది. వేళాకోళానికి అనడం లేదు. రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల పడితేనే ఇరుకైపోయే గది అది. అందులో ఎనిమిది ప్రాంతాల దుస్తులు, ఎనిమిది రకాల గుడ్డ తానులు, ఎనిమిది రకాల గొడవలు. కాలు పెడదామంటే చోటు లేదు, నోరు విప్పితే ఎవరో ఒకరికి కోపం. తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

ఆ పని తెచ్చిపెట్టింది ఫైలు సారు. సాంస్కృతిక శాఖలో ఏదో ఆఫీసరు. చంకలో ఫైలు లేకుండా ఆయన్ని మేమెప్పుడూ చూడలేదు కాబట్టి మా ఇంట్లో ఆయనకి ఆ పేరు ఖాయమైపోయింది. దేశ దినోత్సవానికి స్టేడియంలో బడిపిల్లల కవాతు ఉందని, ఒక్కో ప్రాంతానికి పద్నాలుగు మంది చొప్పున ఆయా ప్రాంతపు వేషాల్లో నడుస్తారని, మొత్తం నూట పన్నెండు జతలు కుట్టాలని చెప్పాడు. ఇది కుదిరితే బళ్ళ యూనిఫారాలు ఏడాది పొడుగునా మాకే ఇప్పిస్తానన్నాడు. ఆ మాటకి నేను కుర్చీ తుడిచి వేశాను.

ఫైల్లోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. పేజీకో రంగుబొమ్మ, ప్రతి బొమ్మ కిందా గుండ్రటి ముద్ర.

"చూడమ్మా, బొమ్మలో ఎలా ఉంటే అలా కుట్టాలి. గుండీ ఒకటి ఎక్కువ కాకూడదు, ఒకటి తక్కువ కాకూడదు. ఒకే తోటలో ఎనిమిది పూలు. అదీ మా ఉద్దేశం."

నేను తిన్నగా మూడో బొమ్మకి వెళ్ళాను. మూడోది మేమే, పల్లపు ప్రాంతం వాళ్ళం. బొమ్మలో ఆడమనిషి నెత్తిమీద కుండ పెట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"ఈ కుండేంటి సార్?"

"పల్లపు ప్రాంతం కదమ్మా. నీళ్ళు."

"నేను పుట్టకముందే మా ఇంట్లో కుళాయి ఉంది సార్. మా అమ్మ కుండ ఎత్తడం నేనైతే చూళ్ళేదు."

"బొమ్మలో ఉందమ్మా," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఒళ్ళు మండింది. కానీ ఏడాది పొడుగునా యూనిఫారాలు. కుండని అక్కడికక్కడే దిగమింగేశాను.

అంతలో మా ఆయన డిపో నుంచి వచ్చాడు. బస్సుల మెకానిక్కు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ నిలబడితే ఫైలు సారు మర్యాదకి పలకరించాడు.

"మీరూ పల్లం వాళ్ళేనా?"

"కాదు సార్. మాది తీరం."

పరదా వెనక మా అత్తయ్య మంచం కిర్రుమంది. మా మామగారిది తీరమే, అబద్ధం కాదు. కానీ కొడుక్కి మూడేళ్ళు నిండకుండానే ఆయన పోయాడు. ఆ తర్వాత మా అత్తయ్య పిల్లాణ్ణి వీపున కట్టుకుని తన పుట్టిల్లున్న కొండకే వెళ్ళి, అక్కడే పెంచింది. ఈయన తీరంలో గడిపిన రోజులు గట్టిగా లెక్కేస్తే మూడేళ్ళుండవు. అయినా కొండవాళ్ళంటే డిపోలో అదో రకంగా చూస్తారని, వాళ్ళ మాటని వెక్కిరిస్తారని, ఎవరడిగినా తీరం అనేస్తాడు. వాళ్ళమ్మ గుమ్మంలోకొచ్చి కొండ యాసలో ఎవరినైనా పలకరిస్తే, "నువ్వు లోపలుండమ్మా" అంటాడు. ఆవిడ లోపలే ఉంటుంది.

పుస్తకం సంగతి వీధికి ఎలా పాకిందో తెలీదు, మర్నాటి నుంచీ జనం మొదలు. మొట్టమొదట బొత్తాల బాబాయ్ వచ్చాడు. వీధి చివర దారాలూ బొత్తాలూ అమ్మే ముసలాయన, అసలు సిసలు తీరంవాడు.

"రెండో బొమ్మ చూపించమ్మాయ్."

చూపించాను. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"లాగు మోకాళ్ళ పైకా! మేమేమైనా పొద్దస్తమానం నీళ్ళలో నిలబడే ఉంటామా? ఇన్నేళ్ళలో నా మోకాళ్ళు నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు బాబాయ్. దేవుడి దయ."

"నవ్వుతాలుగా ఉందా నీకు? జానెడు పొడుగు పెంచు."

"బొమ్మలో ఎంతుంటే అంతే బాబాయ్," అన్నాను. అచ్చం ఫైలు సారు గొంతే వచ్చింది నా నోట్లోంచి, నాకే సిగ్గేసింది. ఆయన ఆ వారమంతా నాకు బొత్తాలు ఇవ్వకుండా, లేవు పొమ్మన్నాడు. పెట్టెల నిండా బొత్తాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

కాజాలు కుట్టడానికి వచ్చే అమ్మాయిది మెట్ట ప్రాంతం. ఆరో బొమ్మలో పూసల వరసలు లెక్కపెట్టి, మా వాళ్ళని ఇంత పూసలపిచ్చోళ్ళని చేశారేంటక్కా అని, ఆ బొమ్మ నేనే గీసినట్టు రెండు రోజులు నాతో మాట మానేసింది. ఎవరో దారిన పోయే ఆయన కిటికీలోంచి తల దూర్చి ఎనిమిదో బొమ్మలో టోపీ పక్కకి వంగిందని చెప్పి వెళ్ళాడు. ఎవరి వేషం వాళ్ళకి తప్పుగానే ఉంది. పక్కవాళ్ళది మాత్రం అచ్చం అలాగే ఉంటారు అంటారు. ఇదేం విడ్డూరమో!

ఇక మా బుల్లి. బడిలో ఎవరు ఏ ప్రాంతమని అడగలేదట, ఎత్తుల్ని బట్టి వరసలు కట్టారట. తొమ్మిదేళ్ళ మా పిల్ల ఐదో వరసలో పడింది. ఐదో బొమ్మ కొండ. చీలమండల దాకా అంగీ, నడుముకి వెడల్పాటి నడికట్టు, దానికి వెనక పెద్ద ముడి. పిల్లలకి కట్టుకోవడం రాదు కదాని నేను ముడిని ముందే వేసి, నడికట్టుని హుక్కులతో వెనక తగిలించేలా కుట్టాను. మొదటి జత అవగానే బుల్లికి తొడిగి కొలత చూశాను. బాగా అమిరింది. నా పనికి నేనే మురిసిపోతూ, "వెళ్ళి నానమ్మకి చూపించుకో" అన్నాను.

బుల్లి పరదా తప్పించుకుని లోపలికెళ్ళి ఒక చుట్టు తిరిగింది. లోపల్నించి కేక వచ్చింది. పదిహేనేళ్ళ కాపురంలో అత్తయ్య అంత గట్టిగా అరవడం నేను వినలేదు.

"విప్పు! విప్పవే అది!"

వెళ్ళేసరికి పిల్ల గోడకి అతుక్కుని ఏడుస్తోంది. ఆవిడ వెనక హుక్కులు పీకుతోంది.

"ఏమైందత్తయ్యా? పిల్ల దడుచుకుంటోంది!"

"ముడి వెనకుంది."

"బొమ్మలో వెనకే ఉంది."

"గీసినవాడి తలకాయ! మా వైపు ఎవరి నడికట్టు వాళ్ళే కట్టుకుంటారు, ముందుకి. ఐదేళ్ళొచ్చిన పిల్లకి మొదట నేర్పేదే అది. ప్రాణం పోయినవాళ్ళకే పక్కవాళ్ళు కడతారు, వెనక్కి. వాళ్ళకిక విప్పుకునే పని లేదు కనక."

నిజం చెప్పాలంటే నాకు కోపమే వచ్చింది. పదిహేనేళ్ళుగా వింటున్నాను. కత్తెర తెరిచి వదిలెయ్యకు, సూది పంటికింద పెట్టకు, సంజెవేళ గుడ్డ కత్తిరించకు. ఇప్పుడు ముడి. బాబాయ్ మోకాళ్ళు, కాజాల పిల్ల పూసలు, ఈవిడ ముడి! నా కుండని నేను కిక్కురుమనకుండా మింగాను కదా, వీళ్ళకేం వచ్చింది?

"అది కేవలం వేషమత్తయ్యా. పావుగంట నడిచి విప్పేస్తారు."

"ఆ ముడితో నా మనవరాలు నలుగురి ముందూ నడిస్తే నేనీ ఇంట్లో ఉండను. కొండకెళ్ళిపోతాను."

"కొండమీద మీకెవరున్నారని?"

"ఎవరూ లేరు. అయినా పోతాను."

మా ఆయనకి చెప్పాను. చెప్పులు విప్పుతూ, "అమ్మది చాదస్తం, నువ్వు పని చూసుకో" అన్నాడు. తీరంవాడు తీర్పు చెప్పేశాడు, ఇక నాకేం భయం! మర్నాడు పొద్దున లేచేసరికి పరదా పక్కన అత్తయ్య రేకుపెట్టె సర్ది ఉంది. ఆరోజు నుంచి ఆవిడ పెట్టెలోంచే చీర తీసి కట్టుకుని, ఉతికిన చీర మళ్ళీ పెట్టెలోనే మడిచి పెట్టేది. ప్రతిసారీ ఆ మూత చప్పుడు నా మిషను చప్పుడుని మించి వినపడేది.

నాలుగో వారం ఫైలు సారు పని చూడటానికొచ్చాడు. అన్నీ పుస్తకంతో పోల్చుకుని తల ఊపాడు. పోనీ ఒక్కమాట అడిగి చూద్దామనిపించింది.

"సార్, ఐదో బొమ్మలో ముడి వెనకుంది. కొండవాళ్ళు ముందుకి కట్టుకుంటారంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"ఎవరో... తెలిసినవాళ్ళు."

మా ఆయనే కాదు, నేనూ అంతే. మా అత్తయ్య అనడానికి నోరు రాలేదు.

"అది గాలికి గీసిన బొమ్మ కాదమ్మా. మ్యూజియంలో అసలు బట్ట ఉంది. మూడొందల ఏళ్ళనాటిది. దారం కూడా చెక్కుచెదరలేదు."

"అంత పాతది ఎక్కడ దొరికింది సార్?"

"తవ్వకాల్లో. కొండమీద ఒక సమాధిలో."

ఐదో బొమ్మకేసి మళ్ళీ చూశాను.

"సార్, అయితే అది కట్టుకున్న మనిషి చచ్చిపోయింది కదా."

"మూడొందల ఏళ్ళమ్మా!" అన్నాడాయన నవ్వుతూ. "ఎలా బతికుంటుంది?"

"అది కాదు సార్. చచ్చిపోయాకే వెనక్కి కడతారంట. బతికున్నప్పుడు ముందుకి."

ఆయన పుస్తకం మూశాడు. "ముద్ర పడిపోయిందమ్మా. మార్చాలంటే కమిటీ కూర్చోవాలి."

"కమిటీలో కొండవాళ్ళెవరైనా ఉన్నారా సార్?"

"కమిటీలో అందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే," అన్నాడు. గొడుగు విదిలించుకుని వెళ్ళిపోయాడు. గోడకి చెప్పుకున్నా నయం, కనీసం ముద్ర చూపించదు.

అయినా నేను హుక్కులు వెనకే కుట్టాను. చెప్పుకోవడానికి నామోషీగానే ఉంది, కానీ కుట్టాను. పద్నాలుగు జతలూ పూర్తయ్యాయి. అప్పగించడానికి మూడు రోజులుందనగా మధ్యాహ్నం పెద్ద వాన పడి కరెంటు పోయింది. మిషను ఆగింది. కాజాల పిల్ల ఇంటికెళ్ళింది. చీకటిగా ఉన్న గదిలోకి అత్తయ్య పరదా తప్పించుకుని వచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ముందుగదిలోకి ఆవిడ తనంతట తాను రావడం అరుదు. పోట్లాటకే వచ్చిందనుకుని నేను సిద్ధంగా కూర్చున్నాను.

ఆవిడ బుల్లి జత నడికట్టుని ఒళ్ళోకి తీసుకుంది.

"నా కూతురికి నేనే కట్టాను," అంది.

మా ఆయనకి ఒక అక్క ఉండేదని, జ్వరంతో పోయిందని తెలుసు. అంతకుమించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

"అప్పటికి ఎన్నేళ్ళత్తయ్యా?"

"తొమ్మిది. సన్నటి నడుము. నడికట్టు రెండు చుట్లు తిరిగేది. నేను కడుతుంటే నా చేతులు ముందుకే పోతున్నాయి. అలవాటు కదా, రోజూ దాని ముడి నేనే సరిచేసేదాన్ని. మా అమ్మ నా చేతులు పట్టుకుని వెనక్కి తిప్పింది." ఒళ్ళో నడికట్టు కొస మడిచింది. "మొన్న బుల్లి తిరిగి నిలబడితే అదే నడుము అమ్మాయ్. అదే."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ కత్తెర గురించీ సూది గురించీ నా ప్రాణం తోడేసిన మనిషి, ఈ ఒక్కమాట చెప్పడానికి పదిహేనేళ్ళు ఆగాలా?

ఇంతలో కరెంటు వచ్చింది. ఆవిడ లేచి లోపలికెళ్ళిపోయింది.

సాయంత్రం మా ఆయన పెరట్లో చేతులు కడుక్కుంటుంటే వెనక నిలబడి అడిగాను. "మీ అక్క పోయినప్పటి సంగతులు మీకు గుర్తున్నాయా?"

సబ్బు మళ్ళీ తీసుకున్నాడు. గ్రీజంతా వదిలిపోయాక కూడా రుద్దుతూనే ఉన్నాడు.

"గుర్తున్నాయి," అన్నాడు.

ఆ మర్నాడు బ్లేడు తీసుకుని కూర్చున్నాను. పద్నాలుగింటికీ వెనక హుక్కులు పీకేశాను. ముడి ముందుకి తెచ్చాను. తెచ్చి ఊరుకుంటే ఫైలు సారు ఒక్క తిప్పు తిప్పి వెనక్కి పంపించేస్తాడని నాకు తెలుసు. అందుకని డబుల్ దారం పెట్టి, నడుము చుట్టూతా నడికట్టుని అంగీకి బిగించి కుట్టేశాను. తొడుక్కోవడానికి పక్కన చిన్న చీలిక పెట్టి, లోపల గుండీలు వేశాను. ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యకీ చెప్పలేదు. చెబితే అందులోనూ ఏదో వంక పెడుతుందని భయం.

దేశ దినోత్సవం నాడు వాన తెరిపిచ్చింది. స్టేడియం మెట్ల కింద పొడుగాటి గదిలో పిల్లలకి వేషాలు వేస్తున్నారు. కొత్త సున్నం వాసన, పిల్లల గోల. మా ఆయన మూటలన్నీ మోసుకొచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. అత్తయ్య రాలేదు. మేము బయల్దేరేటప్పుడు రేకుపెట్టె వీధి గుమ్మంలోకి లాక్కుని దాని మీదే కూర్చుంది.

ఫైలు సారు పుస్తకం చేత్తో పట్టుకుని వరస వరసా చూసుకుంటూ వచ్చాడు. రెండో వరసలో ఆగలేదు. ఆ లాగులు జానెడు కాకపోయినా బెత్తెడు పొడుగు పెంచిన సంగతి ఆయనకి తెలీనే తెలీదు. బొత్తాలు కావాలి కదా మరి నాకు! ఐదో వరస దగ్గర ఆగాడు. పుస్తకం చూశాడు, పిల్లల్ని చూశాడు. మొదటి పిల్ల నడికట్టు పట్టుకుని తిప్పబోయాడు. పిల్లే తిరిగింది.

"ఇది తిరగడం లేదేంటమ్మా?"

"కుట్టేశాను సార్."

"కుట్టేశావా! విప్పు."

"డబుల్ దారం సార్. పద్నాలుగూ విప్పాలంటే గంట పడుతుంది."

బయట బ్యాండు మొదలైంది. ఆయన మొహం ఎర్రబడింది.

"ముద్ర వేసిన బొమ్మని మార్చడానికి నువ్వెవరు? ముడి ముందుంటుందని నీకెవరు చెప్పారు?"

నేను నోరు తెరిచాను. ఈసారి చెప్పేద్దామనే. కానీ నా వెనక నుంచి మాట వచ్చింది.

"మా అమ్మ చెప్పింది సార్. మేము కొండవాళ్ళం."

మా ఆయన గోడ దగ్గర్నుంచి కదల్లేదు. గొంతు కూడా పెద్దది చెయ్యలేదు. వరసలో ఉన్న బుల్లి తల తిప్పి వాళ్ళ నాన్నని చూసింది.

"మీరు తీరమన్నారు కదా?"

"అన్నాను సార్," అన్నాడు మా ఆయన.

దానికేం చెయ్యాలో ఫైలు సారు ఏ ఫైల్లోనూ లేదు. బయట ఐదో వరసని పిలిచేశారు. పిల్లలు నడిచిపోయారు. యూనిఫారాల సంగతి ఇక మర్చిపొమ్మని నాతో ఒక్కమాట అని ఆయనా వెళ్ళిపోయాడు. బాధ కలగలేదంటే అబద్ధం. కానీ మెట్లెక్కి చూసేసరికి మూడో వరసలో ఒక పిల్ల నెత్తిమీది కుండ జారి బ్యాండువాళ్ళ మధ్యకి దొర్లుకుంటూ పోతోంది. చప్పట్లు కొట్టిన దాన్ని నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య పెట్టె మీదే ఉంది. బుల్లి వేషం విప్పనని మొండికేసి అలాగే వచ్చింది. పరిగెత్తుకెళ్ళి నానమ్మ ముందు నిలబడింది. ఆవిడ ముందు మొహం చూడలేదు, నడుము చూసింది. ముడి మీద చెయ్యి వేసింది. కాసేపు అలాగే ఉంచింది. ఇప్పుడైనా ఒక మంచిమాట అంటుందని ఆశ.

ముడి పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది.

"ఇదేంటి, కుట్టేశావా?"

"అవునత్తయ్యా. లేకపోతే ఆయన..."

"ముడి కుట్టడమేంటి? బతికున్నవాళ్ళు కట్టుకోవాలి, విప్పుకోవాలి! బ్లేడు పట్రా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాది పని పోగొట్టుకుని వచ్చాను నేను! అయినా బ్లేడు తెచ్చిచ్చాను. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని, పిల్లని దగ్గరికి లాక్కుని, నా డబుల్ దారాన్ని ఒక్కో పోగూ కోసింది. చాలాసేపు పట్టింది. నడికట్టు ఊడొచ్చాక ముడి విప్పి బుల్లి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నువ్వే కట్టుకో."

బుల్లి కట్టుకుంది. వంకరగా వచ్చింది, ఒక కొస మోకాళ్ళ దాకా వేలాడింది. అత్తయ్య సరిచెయ్యడానికి చేతులు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడి, "అలా కాదే, కింద నుంచి తీసి పైకి లాగు" అన్నాడు. ఆ మాట కొండ యాసలో అన్నాడు. అత్తయ్య తలెత్తి కొడుకుని చూసింది.

తర్వాత పెట్టె మూత తీసింది. చీరల అడుగు నుంచి మడతపెట్టిన నడికట్టు ఒకటి తీసి నా చేతికిచ్చింది. నేత బట్ట, ముదురు నీలం, ఎప్పుడూ కట్టినట్టు లేదు.

"ఇది నాది. ఆ రోజుకని ఉంచుకున్నాను. వాడి ముడి నిలవదు, చిన్నప్పట్నించీ అంతే. నువ్వు కట్టు. వెనక్కి."

"ఇప్పుడేం మాటలత్తయ్యా అవి!"

"దారం మాత్రం పెట్టకు," అంది. "ముడి చాలు."

ఆ నీలం నడికట్టు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. ఆవిడ పెట్టె మంచం కిందకి చేరింది. ఆవిడ స్టూలు ముందుగదిలోకి, నా మిషను ఎదురుగా చేరింది. పొద్దున్నించీ అక్కడే కూర్చుని నా ప్రతి కుట్టుకీ ఒక వంక పెడుతుంది, వచ్చే పోయేవాళ్ళందర్నీ కొండ యాసలో పలకరిస్తుంది. ఒక్కోరోజు పిచ్చెక్కిపోతుంది నాకు. ఆరోజు బీరువా తెరిచి, నడికట్టు మడత చెదరకుండా ఉందో లేదో చూసి, మళ్ళీ తాళం వేసి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంటాను.